ఆంగ్లమున ఒకటియా, అనేకములా? ఏకవచన బహువచన నిర్ణయము

మన వినుకొండ చుట్టుపట్ల గ్రామములలో ఆంగ్లము చదువుకొనుచున్న బాలుడుగాని బాలికగాని తన యింటికి విద్యార్థి మాత్రమే కాదు. ఆ యింటికి లేఖకుడును, దుబాసియును గూడ. బ్యాంకునుండి యుత్తరము వచ్చినను, గిడ్డంగివారి నోటీసు వచ్చినను, తండ్రి దాని మడత విప్పి బిడ్డ చేతికిచ్చి "ఏమి వ్రాసినారో చదువు నాయనా" అనును. ఆ క్షణమున వ్యాకరణము పరీక్షలోని మార్కులకు సంబంధించిన విషయముగా నుండదు. ఇంటి బాగోగులకు సంబంధించినదగును.

ఒక రైతు గిడ్డంగిలో నుంచిన మిరపకాయల బస్తాలు వాననీటికి తడిసినవనుకొందము. గిడ్డంగివారు ఆంగ్లమున జాబు వ్రాసిరి. అందులో ఒకచోట 'డామేజ్' అనియు, మరియొకచోట 'డామేజెస్' అనియు నున్నది. చదివిన బిడ్డ రెండింటికిని 'నష్టము' అనియే యర్థము చెప్పెను. తండ్రి నిట్టూర్చి, ఆ జాబును మడిచి దూలము సందున దోపెను. కాని మొదటి మాటకు సరకునకు కలిగిన నష్టమని యర్థము. రెండవ మాటకు ఆ నష్టమునకుగాను చెల్లింపవలసిన సొమ్ము, అనగా నష్టపరిహారమని యర్థము. తుదనున్న 'ఎస్' అను ఒక్క యక్షరమును గమనింపకపోవుటచేత, తమకు రావలసిన సొమ్మును గూర్చిన మాటయే ఆ యింటివారి చెవిని పడలేదు.

కాబట్టి ఈ 'ఎస్' అక్షరమును గూర్చి, ఏ నామవాచకమును ఏకవచనముగా వ్రాయవలెను, దేనిని బహువచనముగా వ్రాయవలెను అను విషయమును గూర్చి, మేము ఈ సంచికలో కొంత విపులముగా ముచ్చటింపదలచితిమి.

వచనము ఎక్కడ నున్నది?

ఒక వస్తువును తెలుపునది ఏకవచనమనియు, ఒకటికంటె నెక్కువ తెలుపునది బహువచనమనియు మనము క్రింది తరగతులలోనే వల్లించితిమి. ఈ లక్షణము తప్పు కాదు. కాని ఇది చాలదు. ఎందుకు చాలదో తెలిసికొనుటకు ఆంగ్లదేశమునకు పోనక్కరలేదు. మన వంటయింటిలోనికి పోయిన చాలును.

"పాలు కాగినవి" అని అమ్మ అనును. రాత్రి ఆ పాలకే తోడువేసి, తెల్లవారి చూచి, "పెరుగు తోడుకొన్నది" అనును. నిన్నటి బహువచనము నేడు ఏకవచనమయ్యెను! చిలికినచో మజ్జిగ, వెన్న, కాచినచో నెయ్యి, ఇవియన్నియు నేకవచనములే. గిన్నె యొకటే, గిన్నెలోని వస్తువు పరిమాణమొకటే, చూచు కన్ను ఒకటే. వచనము మాత్రము మారెను. అట్లే "నీరు పారుచున్నది" అనియు, "నీళ్లు పారుచున్నవి" అనియు ఒకే కాలువను జూచి చెప్పుదుము. బియ్యమనునది రూపమున ఏకవచనమువలె నున్నను "బియ్యము నిండుకొన్నవి" అని క్రియను బహువచనమున వాడుదుము. వడ్లు, జొన్నలు, సజ్జలు, శనగలు, ఉలవలు మనకు బహువచనములు. వానితో పాటు అదే దుకాణములో కొనెడి పప్పు, బెల్లము, నూనె ఏకవచనములు. పాలు, నీళ్లు మొదలైనవాటివలె సర్వదా బహువచనమందే యుండు మాటలకు మన వైయాకరణులు నిత్యబహువచనములని పేరిడిరి.

దీనినిబట్టి తేలిన దేమనగా, వచనము వస్తువులో లేదు. ఆ వస్తువును ఒక భాష యెట్లు చూచుచున్నదో, ఆ చూపులో నున్నది. వస్తువు ఎదుట నిలిచి "ఇవి ఎన్ని?" అని కన్నులను అడిగినచో ఆంగ్లమున పొరబాటు తప్పదు. "ఆంగ్లేయులు దీనిని లెక్కించుదురా, కొలుచుదురా?" అని భాషను అడుగవలెను. ఈ పాఠము మొత్తమునకు మూలసూత్ర మిదియే.

ఇంగ్లీషువారికిని ఈ చిక్కు లేకపోలేదు. 'వీట్' అనగా గోధుమలు. వారికది లెక్కకు రాని యేకవచనము. 'ఓట్స్' అను మరియొక ధాన్యమో, బహువచనము. రెండును గింజలే, రెండును గంపకెత్తి కొలుచునవే. ఏల భేదమన్నచో వాడుక తప్ప వేరు కారణము చెప్పజాలము. బఠాణీల కథ మరింత వింతగా నుండును. పూర్వము ఆంగ్లమున వానికి 'పీజ్' అని యేకవచనమే యుండెను. ఆ మాట తుదనున్న ధ్వని బహువచన చిహ్నమని జనులు భ్రమించి, దానిని తీసివేసి, 17వ శతాబ్దమున 'పీ' అను క్రొత్త యేకవచనమును పుట్టించుకొనిరి. నేడు అదియే సాధువైన మాట. కావున మీరు తప్పు వ్రాసినప్పుడు సిగ్గుపడనక్కరలేదు, దిద్దుకొనకుండుటయే సిగ్గుచేటు.

మన భాషను నేర్చిన దొరలకును ఇదే యిబ్బంది ఎదురుదిక్కునుండి వచ్చినది. 1816లో చెన్నపట్టణమున తెలుగు వ్యాకరణమును ప్రకటించిన క్యాంబెల్ దొర, 1840లో తన వ్యాకరణమును వెలువరించిన సి. పి. బ్రౌను దొర, బందరులో మిషనరీగా నుండి 1873లో తెలుగు వ్యాకరణ గ్రంథమును ప్రచురించిన ఆర్డెన్ గారు, వీరందరును 'మిల్క్', 'వాటర్' అను మాటలను ఏకవచనములుగా పలుకుచు పెరిగినవారే. వారు "పాలు ఉన్నది" అనక "పాలు ఉన్నవి" అని నాలుకను త్రిప్పుకొనవలసివచ్చెను. వారు దాటిన వాగునే మనము ఆవలి యొడ్డునుండి దాటుచున్నాము.

మూడు ప్రశ్నలు

ఆంగ్లమున నామవాచకమును వ్రాయునప్పుడు విద్యార్థి తన్ను తాను మూడు ప్రశ్నలు వరుసగా వేసికొనవలెను.

మొదటి ప్రశ్న: ఇది ఆంగ్లమున లెక్కింపదగిన మాటయా? ఆ మాటకు ముందు 'వన్, టూ, త్రీ' అని యుంచి చూడుడు. 'వన్ బుక్, టూ బుక్స్' కుదురును. 'వన్ ఫర్నిచర్, టూ ఫర్నిచర్స్' కుదురదు. 'ఇన్ఫర్మేషన్, అడ్వైస్, ఫర్నిచర్, లగేజి, మెషినరీ, హోంవర్క్, రైస్, బ్రెడ్' అనునవి లెక్కకు రానివి. వీనికి 'ఎస్' చేర్పరాదు. ఇందు కొన్నింటికి మన తెలుగే తోడ్పడును. 'సమాచారము అందినది' అందుముగాని 'సమాచారములు అందినవి' అనము. 'ఇన్ఫర్మేషన్' కూడ అట్టిదే. మరికొన్నింటి విషయమున తెలుగు మనలను పెడదారి పట్టించును. 'రెండు సలహాలు' అని మనము నిస్సంకోచముగా అందుము; ఆంగ్లమున 'టూ అడ్వైసెస్' అనరాదు. అప్పుడు చేయవలసినదేమి? 'రెండు గ్లాసుల మజ్జిగ' అని మనము గ్లాసులను లెక్కించినట్లే, 'టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్' అని వారు తునకలను లెక్కింతురు. లెక్క యంతయు కొలపాత్రకు చెందును; వస్తువు ఏకవచనమందే యుండును.

తెలుగున 'ఎన్ని', 'ఎంత' అని రెండు మాటలు గలవు. ఆంగ్లమున 'హౌ మెనీ', 'హౌ మచ్' అని రెండు గలవు. ఇవి జతలే. కాని మనము 'ఎన్ని పాలు', 'ఎన్ని నీళ్లు' అనుటచేత కొందరు పిల్లలు 'హౌ మెనీ మిల్క్' అని వ్రాయుచున్నారు. 'హౌ మచ్ మిల్క్' అని వ్రాయవలెను. 'హెయిర్' అను మాట మరియొక విధము. తలమీది జుట్టు మొత్తము 'హెయిర్'. అది లెక్కకు రాదు. అన్నములో పడిన వెంట్రుక 'ఎ హెయిర్'; అది లెక్కకు వచ్చును. మనకు రెండు మాటలున్నచోట వారు ఒక్క మాటతోనే సరిపుచ్చుకొనిరి. "ఆమె జుట్టు నల్లనిది" అనుటకు 'హర్ హెయిర్ ఈజ్ బ్లాక్' అనవలెనుగాని 'హెయిర్స్ ఆర్' అనరాదు.

రెండవ ప్రశ్న: లెక్కింపదగినదైనచో, ఒకటియా, ఎక్కువయా? ఎక్కువైనచో బహువచన రూపము తప్పక వ్రాయవలెను. ముందు సంఖ్య ఉన్నది కదా యని విడువరాదు. 'టెన్ బ్యాగ్' కాదు, 'టెన్ బ్యాగ్స్'. కాని సంఖ్యను తెలుపు మాటకే 'ఎస్' చేర్చకుడు; 'టూ హండ్రెడ్ బ్యాగ్స్' అనుట ఒప్పు, 'టూ హండ్రెడ్స్ బ్యాగ్స్' అనుట తప్పు. లెక్క తెలియక 'వందలకొలది బస్తాలు' అన్నప్పుడు మాత్రము 'హండ్రెడ్స్ ఆఫ్ బ్యాగ్స్' అనవచ్చును. సంఖ్యతో కూడిన మాట విశేషణమై మరియొక నామమునకు ముందు నిలిచినచో ఏకవచనమే. 'పది రూపాయల నోటు' అని మనము బహువచనము వాడుదుము. వారు 'టెన్-రూపీ నోట్' అని యేకవచనము వాడుదురు.

'మా అన్నలలో నొకడు' అను చోట పిల్లలు 'వన్ ఆఫ్ మై బ్రదర్' అని వ్రాయుట మిక్కిలి తరచైన తప్పు. ఇక్కడ తెలుగును నమ్మినచో తప్పు పోవును. 'అన్నలలో' అని మనమే బహువచనము వాడుచున్నాము కదా! పెక్కురు లేనిదే ఒకని ఏరుట యెట్లు? కావున 'వన్ ఆఫ్ మై బ్రదర్స్' అనవలెను. కాని క్రియ ఆ యొకనికే చెందును గనుక 'ఈజ్' అనియే వ్రాయవలెను. అట్లే 'ప్రతి బాలుడు' అని మనము ఏకవచనము వాడినట్లు 'ఎవ్రీ బాయ్' అని వారును ఏకవచనమే వాడుదురు.

'మ్యాన్, మెన్', 'ఫుట్, ఫీట్', 'చైల్డ్, చిల్డ్రన్', 'ఆక్స్, ఆక్సెన్' మొదలైన వికారరూపములను చూచి విసుగుకొనకుడు. ఇల్లు ఇండ్లగుటయు, రాయి రాళ్లగుటయు, చేయి చేతులగుటయు తెలుగు నేర్చు పరదేశికి ఇంతకంటె తక్కువ వింత కాదు. ఇవి నోటికి వచ్చువరకు వల్లించుటయే మార్గము.

మూడవ ప్రశ్న: ఏకవచనమైనచో దానికి ముందు ఏమి యున్నది? లెక్కింపదగిన మాట ఏకవచనమందు ఒంటరిగా నిలువదు. "నేను కలము కొంటిని" అనుటలో మనకు కొరత లేదు. ఆంగ్లమున 'ఐ బాట్ పెన్' అనగా వాక్యము కుంటుపడును. 'ఎ పెన్' అనియో, 'ద పెన్' అనియో, 'మై పెన్' అనియో వ్రాయవలెను. ఏదియు నుంచుటకు వీలులేనిచో, బహుశః మీరు బహువచనము వ్రాయవలసిన చోట ఏకవచనము వ్రాసియుందురు, మరల చూచుకొనుడు.

మన సంతలోని మాటలు

ఇప్పుడు ఈ ప్రశ్నలను మన పొలములకు ప్రయోగించి చూతము. పత్తి మనకును ఏకవచనమే, 'కాటన్' వారికిని ఏకవచనమే. మిరపకాయలు మనకును బహువచనమే, 'చిల్లీస్' వారికిని బహువచనమే. కాబట్టి 'ద కాటన్ హాజ్ బీన్ సోల్డ్' అనియు, 'ద చిల్లీస్ హావ్ బీన్ సోల్డ్' అనియు వ్రాయవలెను. పత్తిని లెక్కింపవలెనన్నచో బేళ్లను లెక్కింపవలెను: 'ఫైవ్ బేల్స్ ఆఫ్ కాటన్'. మిరపకాయలను దంచి కారము చేసినచో, పాలు పెరుగైనట్లే, అవియు లెక్కను కోల్పోవును: 'చిల్లీ పౌడర్' ఏకవచనము. అమ్మగా వచ్చిన పదివేల రూపాయలను ఒక మొత్తముగా భావించినప్పుడు 'టెన్ థౌజండ్ రూపీస్ ఈజ్ ఎ లార్జ్ సమ్' అని యేకవచన క్రియ వాడుదురు. రూపాయలు పదివేలైనను మొత్త మొక్కటియే.

తూచెడి త్రాసు మనకొకటి. వారికి 'స్కేల్స్', తట్టలు రెండు గనుక. కత్తెర మనకొకటి, వారికి 'సిజర్స్', అలుగులు రెండు గనుక. లాగు మనకొకటి, వారికి 'ట్రౌజర్స్', కాళ్లు రెండు గనుక. వీనిని ఒకటిగా చెప్పవలసినప్పుడు 'ఎ పెయిర్ ఆఫ్ సిజర్స్' అందురు. ఇందును మనకు పరిచితమైన దారి యొకటి కలదు. 'స్పెక్టకిల్స్' అను దానిని మనము కళ్లజోడు అందుము. జోడు అనగా జతయే కదా!

గొఱ్ఱెను 'షీప్' అందురు. మందను చూపియు 'షీప్' అనియే యందురు. 'క్యాటిల్' అనగా పశువులు. 'ఎస్' లేకున్నను అది యెప్పుడును బహువచనమే. 'న్యూస్' అనగా వార్తలు; 'ఎస్' ఉన్నను అది యేకవచనమే. తుదియక్షరమును మాత్రమే చూచి తీర్పు చెప్పరాదని యీ మూడు మాటలును మనకు నేర్పుచున్నవి.

గౌరవమును గూర్చి

సెలవు చీటిలో నొక బాలుడు 'మై ఫాదర్ ఆర్ ఇల్' అని వ్రాసెననుకొందము. ఆ తప్పు అజ్ఞానమువలన కాక మర్యాదవలన పుట్టినది. "మా తండ్రిగారు జబ్బుగా నున్నారు" అని పలుకుటకు అలవడిన నాలుకకు తండ్రిని ఏకవచనమున పలుకుట అపచారముగా తోచును. ఆ బిడ్డను పరిహసింపరాదు. కాని ఆంగ్లమున తండ్రి గౌరవము క్రియలో లేదనియు, 'మై ఫాదర్ ఈజ్ ఇల్' అనుటలో అమర్యాద యేమియు లేదనియు మెల్లగా చెప్పవలెను. అసలు ఆంగ్లమునను ఈ గౌరవ బహువచనము పూర్వముండెను. ఒకరిని 'దౌ' అనియు, పలువురిని 'యు' అనియు పిలుచుచుండిరి. పెద్దలను ఒక్కరినైనను 'యు' అనుట మర్యాదయై, ఆ మర్యాద అందరికిని వ్యాపించి, 'దౌ' అనునది వాడుకనుండి తొలగెను. అందుచేతనే నేడు ఒక్కరితో మాటలాడుచున్నను 'యు ఆర్' అని బహువచన క్రియ వాడుచున్నారు. మన 'మీరు' అను మాటలోని మర్యాదయే అక్కడ దాగియున్నది.

అర్థమును మార్చు 'ఎస్'

తుదకు, ఇంటి మేలు కోరు ప్రతి విద్యార్థియు కంఠస్థము చేయవలసిన మాటలు కొన్ని గలవు. వీనిలో 'ఎస్' చేరగానే లెక్క మాత్రమేకాక అర్థమే మారవచ్చును. 'డామేజ్' నష్టము, 'డామేజెస్' నష్టపరిహారము. 'గుడ్' మంచి, 'గుడ్స్' సరకులు. 'కస్టమ్' ఆచారము, 'కస్టమ్స్' దిగుమతి సుంకములు. 'ఆర్మ్' బాహువు, 'ఆర్మ్స్' ఆయుధములు. 'పేపర్' కాగితము, 'పేపర్స్' దస్తావేజులు. కచేరినుండి 'పేపర్స్' తెమ్మని నోటీసు వచ్చినప్పుడు, తెల్లకాగితములు కొని తీసికొనిపోయిన రైతు ప్రయాణపు ఖర్చు ఎవరు భరింతురు? చదివి చెప్పిన బిడ్డయొక్క తొందరపాటే దానికి కారణమగును.

అభ్యాసము

క్రింది వాక్యములను ఆంగ్లమున వ్రాసి, పిదప సమాధానములతో సరిచూచుకొనుడు.

1. ఈ పాలు తెల్లగా నున్నవి.
2. మా అన్నలలో నొకడు గుంటూరులో నున్నాడు.
3. నా కత్తెర ఎక్కడ నున్నది?
4. పశువులు గుండ్లకమ్మలో నీళ్లు త్రాగుచున్నవి.
5. ఉపాధ్యాయులుగారు నాకు రెండు సలహాలిచ్చిరి.
6. ఈ వార్తలు మంచివి.

సమాధానములు: 1. 'దిస్ మిల్క్ ఈజ్ వైట్'. 2. 'వన్ ఆఫ్ మై బ్రదర్స్ ఈజ్ ఇన్ గుంటూర్'. 3. 'వేర్ ఆర్ మై సిజర్స్?' 4. 'ద క్యాటిల్ ఆర్ డ్రింకింగ్ వాటర్ ఫ్రమ్ ద గుండ్లకమ్మ'. 5. 'ద టీచర్ గేవ్ మి టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్'. 6. 'దిస్ న్యూస్ ఈజ్ గుడ్'. ఆరింటిలోను ఒక్క రెండవ దానియందు మాత్రమే తెలుగు వచనమును ఆంగ్ల వచనమును మాటమాటకు సరిపోవుచున్నవి; మిగిలిన వానిలో ఎక్కడ భేదించెనో మీరే గుర్తించి, మీ పుస్తకములో వ్రాసికొనుడు.

తల్లిదండ్రులకు మాదొక మనవి. మీ బిడ్డ ఆంగ్లమున వచ్చిన యుత్తరమును చదివి వినిపించునప్పుడు తొందరపెట్టకుడు. ప్రతి మాటను తుదియక్షరమువరకు చదివి, ఆ పిదపనే అర్థము చెప్పుమని యడుగుడు. తెలియని మాటను తెలియదని చెప్పి, మరునాడు బడిలో అడిగి తెలిసికొని వచ్చెదనని యనిన బిడ్డను మెచ్చుకొనుడు. ఆ రైతు బిడ్డ అట్లు ఒక్క దినము ఆగియున్నచో, దూలము సందున దోపిన జాబు మరల క్రిందికి దిగియుండెడిది.